పదహారు వారాల పొద

ఉషా వాళ్ళబ్బాయి ఆశిష్ హైస్కూలూ, రెండేళ్ళ కాలేజీ డిగ్రీ ఒకే నెలలో పూర్తి చేశాడన్న సంగతి అరిజోనాలోని చాండ్లర్‌లో మనవాళ్ళెవరికైనా తెలియకుండా మిగిలిపోయిందంటే, అది ఉషా తప్పు మాత్రం కాదు. ఆవిడ చెయ్యగలిగినంతా చేసింది. క్లబ్‌హౌస్‌లో పార్టీ పెట్టింది. రెండు గ్రాడ్యుయేషన్ టోపీల బొమ్మలతో కేకు చేయించింది. కొడుకుని ఆ కేకు పక్కన నిలబెట్టి, వచ్చిన ప్రతి కుటుంబంతోనూ ఫోటో దింపింది. ఆశిష్ మాత్రం ఆ సాయంత్రమంతా ఒక మూల కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. వాడి ఈడు పిల్లలు ఒక్కరు కూడా ఆ పార్టీకి రాలేదని గమనించింది పూజిత ఒక్కతే.

"ఆశిష్‌కి ఫ్రెండ్స్ లేరా డాడీ?" అనడిగింది తిరిగొస్తుంటే, కారు వెనక సీట్లోంచి.

"ఫ్రెండ్సేంటి? వాడు టూ ఇయర్స్ సేవ్ చేశాడు. ఫ్రెండ్స్‌ని తర్వాత చేసుకుంటాడు," అన్నాడు రాజ్.

రాజ్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఏ పనైనా ఎంత ముందు అయిపోతే అంత గొప్ప అని నమ్మిన మనిషి. అన్నం కూడా అలాగే తింటాడు. కూతురు పదకొండో క్లాసుకి వచ్చేసరికి టైంటేబుల్ ఆయనే వేశాడు. పగలంతా హైస్కూలు. మంగళ, గురువారాలు సాయంత్రం కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ. మిగతా రోజుల్లో ఇంటి దగ్గర్నుంచే కాలేజీ ఇంగ్లీషు, కాలేజీ సైకాలజీ. "ఇప్పుడు కష్టపడితే తర్వాత లైఫంతా హాయి," అన్నాడు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడొస్తుందో ఆయనకి వాళ్ళ నాన్న చెప్పలేదు, ఆయన కూతురికి చెప్పలేదు.

పూజిత అడిగింది ఒక్కటే, బాడ్మింటన్. అరిజోనా హైస్కూళ్ళలో అది ఆడపిల్లల ఆట. ఆగస్టులో మొదలై అక్టోబరు చివరికి అయిపోతుంది. రెండేళ్ళు చిన్న టీములో షటిల్స్ ఏరిన పిల్లకి, ఈ ఏడు పెద్ద టీములో డబుల్స్‌లో చోటొచ్చింది. పార్ట్‌నర్ కరీనా అనే మెక్సికన్ అమ్మాయి. ఇద్దరూ కలిసి చేతి గోళ్ళకి స్కూలు రంగు వేసుకున్నారు.

"ఆడుకో. నేనేమన్నా వద్దన్నానా? కాలేజీలో ఒక్క బీ గ్రేడ్ వచ్చినా రాకెట్ గరాజ్‌లోకి పోతుంది, అంతే," అన్నాడు రాజ్. ఉదారంగా ఇచ్చిన మాటలా అన్నాడు. ఒప్పుకున్నాడన్న సంతోషంలో తల్లీ కూతుళ్ళిద్దరూ అందులోని మెలిక చూడలేదు.

బయాలజీ చెప్పే డాక్టర్ ఓర్టేగా యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన చేతులతో, ఎప్పుడూ బూట్లకి మట్టితో ఉండేది. మొదటి రోజే క్లాసుకి ఒక పని అప్పగించింది. ఎవరికి వాళ్ళు ఒక మొక్కని ఎంచుకోవాలి. పదహారు వారాలు దాన్నే చూడాలి. వారానికో పేజీ, చేత్తో బొమ్మ గీసి, చూసింది చూసినట్టు రాయాలి. కోర్సు మార్కుల్లో మూడో వంతు దానికే. పూజిత వెతకలేదు, వంటింటి కిటికీ బయట పెరటి గోడకానుకుని ఉన్న టెక్సస్ సేజ్ పొదని ఎంచుకుంది. బూడిదరంగు ఆకులతో ఏడాదంతా దుమ్ము కొట్టుకుపోయినట్టుండే పొద అది. గాలిలో చెమ్మ తగిలితే మాత్రం ఒళ్ళంతా ఊదాపూలు పూస్తుంది. దగ్గరగా ఉందని తప్ప పూజితకి దానిమీద ఇంకే ప్రేమా లేదు.

మొదటి రెండు వారాల పేజీలూ పూజితే గీసింది. రెంటికీ అత్తెసరు మార్కులొచ్చాయి. మూడో వారం ప్రాక్టీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో నిద్రపోయింది. మర్నాడే పేజీ ఇవ్వాలి. నోట్‌బుక్ టీపాయ్ మీద తెరిచే ఉంది. అందులో ఆకు బొమ్మ ఒకటి సగం గీసి వదిలేసి ఉంది, అది ఆకులాగా లేదు, చేపలాగా ఉంది.

పూజిత తల్లి నళిని ఆ చేపని చాలాసేపు చూసింది. ఆవిడ ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బోటనీ చేసింది. కాకినాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాలుగేళ్ళు పాఠం చెప్పింది. ఏడేళ్ళ పూజితని తీసుకుని భర్త దగ్గరికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. భార్యలకిచ్చే ఎచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. వచ్చిన కొత్తలో, "పోనీ ఇక్కడేమన్నా చదువుకోవచ్చాండీ?" అని అడిగింది. "ఎచ్-ఫోర్ మీద ఏదీ కుదరదు," అన్నాడు రాజ్, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా. నళిని మళ్ళీ అడగలేదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఇంకెవర్నైనా అడిగి ఉండాల్సింది కదా అని ఎవరైనా అంటే అనొచ్చు. అడగలేదు, అంతే.

నళిని లేచి పెన్సిల్ చెక్కింది.

మనదేశంలో బోటనీ చదివినవాళ్ళకి రికార్డు రాయడమంటే ఏమిటో తెలుసు. బొమ్మ పేజీకి ఎడమవైపు ఉండాలి. భాగాల పేర్లన్నీ కుడివైపు, ఒకదాని కింద ఒకటి, స్కేలు పెట్టి గీసిన గీతల చివర వరసగా నిలబడాలి. నీడలు రుద్దకూడదు, చుక్కలు పెట్టాలి. చూసిన తేదీ, చూసిన సమయం పైన రాయాలి. పువ్వయితే నిలువుకోత బొమ్మ, కింద పువ్వు భాగాల లెక్క చెప్పే ఫ్లోరల్ ఫార్ములా, పక్కన వాటి అమరిక చూపించే ఫ్లోరల్ డయాగ్రం. ఒక్క గీత వంకర పోయినా కాకినాడలో నళిని పిల్లల చేత పేజీ మొత్తం మళ్ళీ వేయించేది. పదిహేనేళ్ళ కిందటి చెయ్యి ఏదీ మర్చిపోలేదు. బొమ్మ పూర్తయ్యేసరికి ఆవిడ చెవులు వేడెక్కాయి.

పొద్దున్న పూజిత చూసి కంగారు పడింది. "అమ్మా, దిస్ ఈజ్ చీటింగ్."

"చీటింగేంటే, హెల్ప్ చేశాను. ఉషా ఆంటీ ఆశిష్‌కి ఎన్ని ప్రాజెక్టులు చేసిపెట్టలేదు?"

"అవి ఫోర్త్ గ్రేడ్‌లో, అమ్మా."

"ఈ ఒక్కసారికేలే. తొందరగా తిను, బస్సొస్తుంది."

ఆ పేజీకి పూర్తి మార్కులొచ్చాయి. మార్జిన్‌లో డాక్టర్ ఓర్టేగా 'అద్భుతం' అని రాసి రెండు గీతలు కొట్టింది. ఇంకేముంది, ఆ ఒక్కసారి కాస్తా ప్రతివారమూ అయింది. మొదట బొమ్మ నళినిది, రాత పూజితది. అయిదో వారానికి రాత కూడా నళినిదే. కూతురి గుండ్రటి అక్షరాలు రెండు రోజులు కూర్చుని నేర్చుకుంది. పూజిత నోట్‌బుక్ తెరిచి చూడడం మానేసింది. తల్లి ఇచ్చినది బ్యాగులో పెట్టుకోవడం, క్లాసులో ఇవ్వడం, అంతవరకే.

ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. పూజిత మళ్ళీ పదహారేళ్ళ పిల్లయింది. కరీనా, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఇంటికొచ్చి నళిని చేసిన పెసరట్లు తిని, కారం అని గంతులేసి, మళ్ళీ పెట్టమన్నారు. మ్యాచ్ గెలిచిన రోజు పూజిత వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి తల్లిని వెనకనుంచి వాటేసుకునేది. రాజ్ కంప్యూటర్‌లో బయాలజీ మార్కులు చూసుకుని మురిసిపోయేవాడు. "చూశావా, పట్టుదల ఉంటే రెండూ అవుతాయి," అనేవాడు. ఎవరి పట్టుదలో ఆయనకి తెలియదు.

నళిని సంతోషం వేరు. భర్తా కూతురూ వెళ్ళిపోగానే ఒక చిన్న కుర్చీ, భూతద్దం పట్టుకుని పొద దగ్గరికి వెళ్ళేది. పదింటికి తేనెటీగలు వస్తాయని కనిపెట్టింది. ఆకు మీద వెండి నూగుని భూతద్దంలో చూసి, ఎండని అది ఎలా తిప్పికొడుతుందో రాసింది. పూలో నాలుగు కేసరాలు, రెండు పొడుగు, రెండు పొట్టి. ఆ సంగతి పుస్తకంలో చదివి నాలుగేళ్ళు పిల్లలకి చెప్పిందే గానీ, ఎదురుగా ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. గురువారం కూతుర్ని కాలేజీలో దింపి కారిడార్ బెంచీ మీద కూర్చుని తలుపు వైపే చూస్తుండేది. తన పేజీకి ఏమొస్తుందో అని!

ఏడో వారం, ఆదివారం మధ్యాహ్నం. పూజిత నోట్‌బుక్ కోసం వెతుక్కుంటూ వచ్చింది.

"రేపు కోచ్ ఆఫ్ ఇచ్చింది. హోంవర్క్ కూడా లేదు. ఈ వారం జర్నల్ నేను చేస్తానమ్మా. నాకేమీ రావట్లేదు, క్లాస్‌లో ఎవరేం అడిగినా భయంగా ఉంటోంది."

నళిని స్టవ్ వైపు తిరిగింది. "అయిపోయిందే. పొద్దున్నే చేసేశాను. నువ్వు రెస్ట్ తీసుకో."

అది కాలేదు. ఆ వారం మొగ్గ విచ్చుకోవడం చూడాలని, సోమవారం కోసం ఎదురు చూస్తోంది. అబద్ధం ఎందుకాడిందో నళిని ఆ క్షణంలో ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే, నోట్‌బుక్ కూతురి చేతికివ్వడం తనకి ఇష్టం లేదన్న మాట ఒప్పుకోవాల్సి వచ్చేది.

పదో వారం గురువారం క్లాసయ్యాక డాక్టర్ ఓర్టేగా పూజితని తన గదికి పిలిచింది. నళిని బయట బెంచీ మీదే ఉంది. పావుగంటకి బయటికొచ్చిన పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. కార్లో కూర్చున్నాక గానీ చెప్పలేదు.

"స్ప్రింగ్‌లో డెజర్ట్ గార్డెన్‌లో ఎడారి మొక్కల ప్రాజెక్టుకి నన్ను రికమెండ్ చేస్తుందట. హైస్కూల్ వాళ్ళెవర్నీ ఇంతవరకు తీసుకోలేదట. ఒక పువ్వు ఇచ్చి, డయాగ్రం ఎలా గీస్తావో చూపించు, నాకు నేర్పు అంది. నేను... నాకు పెన్సిల్ ఎక్కడ పెట్టాలో తెలీలేదమ్మా. నెర్వస్‌గా ఉందన్నాను. మండే స్కూలవగానే వచ్చి తన ముందు గీయమంది. గీయలేకపోతే డీన్‌కి చెప్పాలట."

నళిని కారు స్టార్ట్ చెయ్యకుండా ఆగింది. కానీ బుర్ర మాత్రం చురుగ్గా పనిచేసింది. పాఠం చెప్పే మనిషి కదా! "సోమవారం దాకా నాలుగు రోజులున్నాయి. నేర్పేస్తాను. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు."

"సాటర్‌డే సెక్షనల్స్, అమ్మా. సీజన్ మొత్తానికి అసలు మ్యాచ్‌లు."

"జ్వరమని చెప్పు."

"కరీనా ఒక్కతే డబుల్స్ ఎలా ఆడుతుంది? తను కూడా డ్రాప్ అవ్వాలి. ఇట్స్ హర్ సీనియర్ ఇయర్. తనకి మళ్ళీ ఛాన్స్ లేదు."

"మరి డీన్‌కి చెబితే? డాడీకి తెలిస్తే? నువ్వే ఆలోచించుకో."

ఆలోచించుకోమని చెప్పి ఆలోచించుకునే వీలు లేకుండా చేయడం అమ్మలకి బాగా వచ్చిన విద్య. శనివారం పొద్దున్న పూజిత కోచ్‌కి ఫోన్ చేసి జ్వరమంది. తర్వాత కరీనాకి చేసింది. అటునుంచి ఏమందో గానీ, పూజిత 'ఐ నో, ఐ నో' అని నాలుగైదుసార్లు అని ఫోన్ పెట్టేసింది. రాజ్ మాత్రం, "వెరీ గుడ్. చదువు ముందు, ఆట తర్వాత," అని భుజం తట్టి గ్రోసరీకి వెళ్ళాడు.

డైనింగ్ టేబుల్ మీద పూలు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నారు. నళిని కాకినాడ లెక్చరరైపోయింది. "గీత వంకర, మళ్ళీ వెయ్యి." "చుక్కలు పెట్టు, రుద్దకు." "కేసరాలెన్ని? ఎలా ఉన్నాయి?" పూజిత తలెత్తకుండా గీసింది. మెరికలాంటి పిల్ల, ఆదివారం సాయంత్రానికి బొమ్మ కుదిరింది. పిల్లకి నిజంగా నేర్పితే ఇంత తొందరగా వస్తుందా అని నళిని ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం ఏడో వారమే కలిగి ఉంటే ఎంత బాగుండేది!

సోమవారం మూడు గంటలకి డాక్టర్ ఓర్టేగా గది తలుపు తీసే ఉంది. బెంచీ మీద నళినికి లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి. పెన్సిల్ చప్పుడు.

"బాగుంది. చాలా బాగుంది," అంది డాక్టర్ ఓర్టేగా. "నిన్ను అనుమానించినందుకు సారీ చెప్పాల్సినట్టుంది."

నళిని కళ్ళు మూసుకుని వెంకన్నకి దణ్ణం పెట్టుకుంది.

"ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు," అంది డాక్టర్ ఓర్టేగా మళ్ళీ. కాగితాలు తిరగేసిన చప్పుడు. "టైం రాసేవాళ్ళు నా క్లాసులో నువ్వొక్కదానివే. మంగళవారం పదీ నలభై. బుధవారం ఒంటిగంటా పావు. ఇంకో మంగళవారం పదకొండు. ఆ టైంలో నువ్వు హైస్కూల్లో ఉంటావు కదా? ఇదిగో, ఇక్కడ. 'పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ కిటికీలోంచి నాకు కనిపించే ప్రాణమున్నది ఇదొక్కటే' అని రాశావు. ఇది ఎవరు రాశారు?"

రికార్డులో టైం తప్పు రాయకూడదని నళిని పదిహేనేళ్ళ కిందట నేర్చుకుంది. అన్ని అబద్ధాలాడిన మనిషికి ఆ ఒక్క అబద్ధం చేతకాలేదు.

లోపల పేజీలు ఒక్కొక్కటే తిరిగాయి. పూజిత ఆ పేజీలు చదువుతోంది. మొదటిసారి.

"మా అమ్మ," అంది చివరికి. "సారీ. మా అమ్మ రాసింది. థర్డ్ వీక్ నుంచీ బొమ్మలన్నీ అమ్మవే. ఫిఫ్త్ వీక్ నుంచి రాత కూడా."

డాక్టర్ ఓర్టేగా బయటికొచ్చి నళినిని లోపలికి పిలిచింది. ముగ్గురూ కూర్చున్నారు. ఆవిడ కోపంగా లేదు, అలిసిపోయినట్టుంది. పూజిత వైపు తిరిగి మెల్లిగా చెప్పింది. రూలు ప్రకారం ఈ కోర్సులో ఎఫ్, అంటే ఫెయిల్. కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో అది ఎప్పటికీ ఉంటుంది, రేపు ఏ యూనివర్సిటీకి అప్లై చేసినా అది పంపాలి. హైస్కూలు కౌన్సెలర్‌కి ఉత్తరం వెళ్తుంది. నువ్వే నిజం చెప్పావని కూడా రాస్తాను, అంతకంటే చెయ్యలేను. పూజిత తల ఊపింది. ఏడవలేదు.

తర్వాత డాక్టర్ ఓర్టేగా నోట్‌బుక్‌ని నళిని వైపు జరిపింది.

"ఇరవై రెండేళ్ళుగా ఈ పని ఇస్తున్నాను. ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు. ఫ్లోరల్ డయాగ్రం నేనే మర్చిపోయాను. మీరు ఈ కాలేజీలో ఎందుకు చేరలేదు?"

"నాది ఎచ్-ఫోర్ వీసా. కుదరదు," అంది నళిని, తన ఇంగ్లీషులో.

"ఉద్యోగం కుదరదేమో. చదువు కుదురుతుంది. పోయిన ఏడు నా క్లాసులో ఇద్దరున్నారు. అడ్మిషన్స్ ఆఫీసు ఈ బిల్డింగ్ కిందే. ఎప్పుడూ అడగలేదా?"

తొమ్మిదేళ్ళు. ఈ పది వారాలూ ఆ ఆఫీసు ముందునుంచే మెట్లెక్కి వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంది. ఆ మాట బరువు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నళిని చెవుల్లో ముందు మాటే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. మొహమంతా నవ్వు పరుచుకుంది.

"థాంక్యూ," అంది.

పూజిత తల తిప్పి చూసింది.

ఇంటికొచ్చారు. కారు ఆపాక పూజిత బెల్టు తియ్యకుండా కూర్చుంది.

"నాకు ఎఫ్ అని చెప్పి టూ మినిట్స్ కూడా అవలేదు. నువ్వు నవ్వావమ్మా. థాంక్యూ చెప్పావు."

"అది కాదు తల్లీ, ఆవిడ అలా అనేసరికి..."

"సెవెన్త్ వీక్ నేను చేస్తానన్నాను. అయిపోయిందన్నావు. అది సండే." పూజిత తల్లి వైపు తిరిగింది. "ఆ పేజీ ఇవాళే చూశాను. మండే, పదింబావు అని రాశావు."

పూజిత జవాబు కోసం ఆగలేదు. దిగి, వెనక సీట్లోంచి రాకెట్ బ్యాగు తీసి, తండ్రి వచ్చి చెప్పేదాకా ఉండకుండా తనే గరాజ్‌లోకి తీసుకెళ్ళి, క్రిస్మస్ లైట్ల అట్టపెట్టె వెనక పెట్టింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు.

నళిని వంటింట్లో నిలబడింది. నోట్‌బుక్ బల్ల మీద పెట్టింది, అందులో ఇంకా ఆరు వారాల పేజీలు ఖాళీ. బయట మబ్బు పట్టి గాలిలో చెమ్మ తగిలింది. పొద చివరికొమ్మల్లో కొత్తగా మొగ్గలు లేచాయి. టైం రాసుకునే అలవాటు కొద్దీ గడియారం వైపు చూసింది, నాలుగూ ఇరవై. చూసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.